జామకాయ ఒకటి, చేతులు ఇరవై

అంగన్‌వాడీ టీచరుగా చేరిన కొత్తలో నేను చెప్పిన మొదటి ‘పంచుకునే’ కథ, రొట్టె కోసం కొట్టుకున్న రెండు పిల్లులది. మీకూ తెలిసిందే. పిల్లులకి రొట్టె దొరుకుతుంది, పంపకం దగ్గర పేచీ వస్తుంది, కోతి తక్కెడ పట్టుకుని తయారవుతుంది. ఇటు బరువైందని ఇటో ముక్క, అటు బరువైందని అటో ముక్క కొరుకుతూ రొట్టె మొత్తం మింగేస్తుంది. నేను గొంతు మార్చాను, తోక ఊపాను, రెండు చేతులూ చాచి తక్కెడనయ్యాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. కథ అయ్యాక అలవాటు ప్రకారం, “ఇందులో నీతి ఏంటర్రా?” అని అడిగాను. ముందు వరసలో నాలుగేళ్ల వాడొకడు ఠక్కున లేచాడు.

“కోతికి మంచి తెలివుంది టీచర్.”

మర్నాడు బిస్కెట్లు పంచుతుంటే వాడు ఇద్దరు ఆడపిల్లల మధ్య వచ్చి కూలబడ్డాడు. “నీది పెద్దగుంది” అని ఒకదాని బిస్కెట్టు కొరికాడు. “ఇప్పుడు నీది పెద్దగుంది” అని రెండోదాని బిస్కెట్టూ కొరికాడు. ఇద్దరూ లంకించుకున్నారు ఏడుపు. వాడి మొహంలో మాత్రం తప్పు చేసిన ఛాయ లేదు. టీచరు చెప్పిన కథే ఆడుతున్నాడు మరి. ఆ పూట మా ఆయా నావైపు చూసి నవ్విన నవ్వు నాకింకా గుర్తే.

అంగన్‌వాడీల్లో, ప్లే స్కూళ్లలో, ఎల్‌కేజీ గదుల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో పొద్దస్తమానం గడిపే తోటి టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పుడు మన మీద పెట్టిన ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. బరువులు తూచి, గుడ్లు లెక్కపెట్టి, పోషణ్ ట్రాకర్‌లో ఎంట్రీలు కొట్టేసరికి ఆ ఒక్కదానికే టైముండదు. ఉన్న పావుగంటలో చెప్పే కథ అయినా పిల్లల చేతుల్లోకి దిగాలంటే ఏం చెయ్యాలో, నేను దెబ్బ తిని నేర్చుకున్నది చెప్తాను.

నీతి అడగడం మానేయడానికి నాకు మూడేళ్లు పట్టింది. అడిగితే పిల్లలు చెప్పేస్తారు, చిక్కంతా అక్కడే ఉంది. “అందరికీ పెట్టుకుని తినాలి టీచర్” అని ముక్తకంఠంతో పాడతారు. పాడుతూనే పక్కవాడి రంగు పెన్సిలు లాక్కుంటారు. 2013లో స్మిత్, బ్లేక్, హ్యారిస్ అనే ముగ్గురు పరిశోధకులు మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి స్టిక్కర్లిచ్చి ఈ సంగతే చూశారు. సమానంగా పంచాలని చిన్నవాళ్లు కూడా చెప్పారు. తీరా ఇచ్చే వేళకి ఏడెనిమిదేళ్ల వాళ్లే సమానంగా ఇచ్చారు, చిన్నవాళ్లు ఎక్కువ భాగం తమ దగ్గరే అట్టే పెట్టుకున్నారు. ‘నువ్వెన్ని ఇస్తావు’ అని ముందుగా అడిగితే, తక్కువే ఇస్తామని దాపరికం లేకుండా చెప్పారట. వాళ్లకి సంగతి తెలుసు, చెయ్యి రాదంతే. తెలిసినదాన్నే పదిసార్లు వల్లె వేయిస్తే చెయ్యి వస్తుందా?

ఓసారి తనిఖీకి వచ్చిన మేడమ్, నేను కథ ముగించగానే, “నీతి చెప్పించలేదేం?” అని రిజిస్టరులో రాసి వెళ్లింది. ఆవిడ తప్పు కాదు, మనందరం అలాగే చదువుకున్నాం. మీకూ అలాంటి మేడమ్ వస్తే, ఆ ఒక్కరోజూ నీతి అడిగేయండి. నష్టమేం లేదు, లాభం కూడా లేదు.

ఇక కథ ఎంచుకోవడం. పంచుకోవడం మీద పాఠమని చెప్పి చీమ-మిడత కథ చెప్పినవాళ్లని చూశాను. ఆ కథలో చీమ మిడతకి ఒక్క గింజ పెట్టదు, పైగా దెప్పి పంపిస్తుంది! కష్టపడి దాచుకోవాలని చెప్పడానికి అది పనికొస్తుంది, మనకి అడ్డం తిరుగుతుంది. పిల్లులు-కోతి కథ కూడా ఎనిమిదేళ్ల వాళ్లకి బాగుంటుంది. ఇద్దరు కొట్టుకుంటే మూడోవాడు బాగుపడతాడన్నది అందులో ఉన్న సంగతి. జాతక కథల్లో ఇదే తగాదా రెండు నీటికుక్కలకి వస్తుంది. చేప తల ఒకదానికి, తోక ఒకదానికి ఇచ్చి నడిమి ముక్క నక్క పట్టుకుపోతుంది. నాలుగేళ్ల వాడికి ఆ వ్యంగ్యం అందదు. గెలిచినవాడెవడో అందుతుంది. కథలో చివరికి ఎవరి నోట్లో ముక్క పడిందో ఆ పాత్రలో దూరతాడు. అందుకే చెప్పబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది విన్న పిల్ల రేపు ఎవరిలా ఆడుతుంది?

పాత కథల్లో నాకు బాగా పనికొచ్చింది వలలో పడ్డ పావురాలది. చిన్నయసూరి 1853లో అచ్చువేయించిన నీతిచంద్రికలో ఉన్నదే. పావురాలన్నీ వలతో సహా ఎగిరిపోయి ఎలుక దగ్గర వాలతాయి. ఆ ఎగిరిపోవడం దాకానే చెప్పి, కలిసుంటే బలమని చాలామంది ఆపేస్తారు. అసలైన ముక్క ఆ తర్వాత ఉంది. ఎలుక తన స్నేహితుడైన పావురాల రాజు తాళ్లు ముందు కొరకబోతే, అతను వద్దంటాడు. ముందు నావాళ్లవి కొరుకు, చివర్లో నాది అంటాడు. ఈ ముక్క మూడున్నరేళ్ల పిల్లకి కూడా అర్థమవుతుంది, ఎందుకంటే మంచినీళ్ల కుండ దగ్గర వరసలో నిలబడ్డం అంటే ఏమిటో దానికి తెలుసు. చిన్నయసూరి భాష మాత్రం పక్కన పెట్టండి. మీ వీధి మాటల్లో చెప్పండి.

జంతువుల కథల మీద ఇంకో మాట. 2017లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి పంచుకోవడం మీద ఒకే కథని రెండు రకాలుగా చదివి వినిపించారు. ఒకదాంట్లో పాత్రలు మనుషుల్లా బట్టలు కట్టుకుని మాట్లాడే జంతువులు, రెండోదాంట్లో మనుషులే. మనుషుల కథ విన్న పిల్లలు ముందుకంటే ఎక్కువ స్టిక్కర్లు తోటివాళ్లకి ఇచ్చారు. జంతువుల కథ విన్నవాళ్లలో ఆ పెరుగుదల లేదు. ఆ ఒక్క పరీక్ష పట్టుకుని కాకుల్నీ కుందేళ్లనీ సెంటరు నుంచి తరిమేయక్కర్లేదు. నా అనుభవం కూడా అటే మొగ్గుతుంది, అంతే. కుందేలు కథకి పిల్లలు నవ్వుతారు. “మన పోలేరమ్మ గుడి పక్కన ఒక పిల్ల ఉండేది” అని మొదలుపెడితే నోరు తెరుచుకుని దగ్గరికి జరుగుతారు.

నేను కట్టుకున్న కథ ఒకటి చెప్తాను. కథకంటే అది చెప్పే తీరు ముఖ్యం కాబట్టి, ఎక్కడ ఆగాలో కూడా రాస్తాను.

గుడి పక్కన చిట్టి అనే పిల్ల. దాని అమ్మమ్మ ఊరి నుంచి వచ్చి ఒక జామకాయ ఇచ్చింది. పచ్చిది కాదు, మెత్తబడ్డదీ కాదు, దోరది. (ఇక్కడ ముక్కు ఎగబీల్చి వాసన చూడండి, పిల్లలందరూ చూస్తారు.) చిట్టి దాన్ని గౌను జేబులో పెట్టుకుంది. జేబు ఇంత ఎత్తున ఉబ్బింది. కోడిపుంజు చూసింది: కొక్కొక్కో, జేబులో ఏంటి? “ఏం లేదు!” మేకపిల్ల చూసింది: మే… జేబులో ఏంటి? “ఏం లేదు!” (రెండోసారికే పిల్లలు మీతో కలిసి ‘ఏం లేదు’ అని అరుస్తారు. మీ ఊళ్లో ఉన్నవన్నీ తెచ్చి అడిగించండి. ఆవు, ఆటో, పాలవాడు, ఎవరైనా సరే.) చిట్టి గడ్డివాము వెనక్కి వెళ్లి కూర్చుంది. కాయ తీసింది. నోరు తెరిచింది. అప్పుడు చూస్తే ఎదురుగా గోపి. ఏమీ అడగడు. ఊరికే నిలబడి చూస్తున్నాడు.

“నువ్వు చూడకు” అంది చిట్టి.

గోపి అటు తిరిగాడు. అటు తిరిగినా వాడి చెవులు ఇటే ఉన్నాయి. చిట్టి కొరకబోయింది. కాయ దాకా వెళ్లిన పళ్లు ఆగిపోయాయి.

ఇక్కడ ఆపాలి. పూర్తిగా నోరు కట్టేసుకోవాలి. చిట్టి ఏం చేసిందని మీరు అడగక్కర్లేదు, వాళ్లే అందుకుంటారు. “తినేసింది టీచర్” అంటారు కొందరు. “సగం ఇచ్చింది.” “గోపీ ఇంటికి పోయి అన్నం తినాలి.” ఒకమ్మాయి అన్న మాట నేను రాసి పెట్టుకున్నాను: “దాని అమ్మమ్మ ఇంకోటి తేవాల్సింది.” ఏది చెప్పినా “ఊఁ, అలాగా?” అనండి. తప్పు, ఒప్పు అనకండి. ‘తినేసింది’ అన్నవాడి వంక కళ్లు పెద్దవి చేసి చూశారో, రేపట్నుంచి వాడు మీకు కావలసిన జవాబే చెప్తాడు. వాడి మనసులో ఏముందో ఇక మీకు తెలియదు.

తర్వాత కథ ముగించండి. చిట్టి గౌను అంచు కాయ మీద కప్పి, గుడ్డ మీంచి కటుక్కున కొరికి, ఊడిన ముక్క గోపి చేతిలో పెట్టింది. కాకెంగిలి! ఆ ముక్కలో నాలుగు గింజలున్నాయి. గోపి ముక్క తిని గింజలు వాము పక్కన ఉమ్మాడు. అయిపోయింది. చెట్టు మొలిచిందా, చిట్టికి మంచి పేరొచ్చిందా, అమ్మమ్మ మెచ్చుకుని పది కాయలు తెచ్చిందా, ఇవేవీ చెప్పొద్దు. ఇస్తే తిరిగి పదింతలు వస్తుందని కథలో ఆశ పెడితే, ఇచ్చిన మర్నాడు పిల్ల చెయ్యి చాచి నిలబడుతుంది.

కాకెంగిలి అన్న మాట ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. మాట చెప్తే పడి పడి నవ్వుతారు, ఇంటికెళ్లి అమ్మమ్మని అడుగుతారు. ఇద్దరు తినడం కోసం ఎంగిలి అనే పెద్ద నిషేధాన్ని ఒక గుడ్డముక్కతో దాటేసిన తెలివి మన పిల్లలది. కథలో అది చాలు. సెంటర్లో మాత్రం చాకు వాడండి. గుడ్డ అడ్డం పెట్టినంత మాత్రాన జలుబు ఆగదు.

కథ అయిన వెంటనే, ఆ వేడి చల్లారకముందే నిజం జామకాయ బయటికి రావాలి. సాయంత్రానికో మర్నాటికో వాయిదా వేస్తే కథ వేరు, కాయ వేరు అయిపోతాయి. మా సెంటర్లో ఇరవై మంది పిల్లలు. అయిదు కాయలు తెచ్చి, నలుగురికొకటి చొప్పున జట్లు చేసేదాన్ని. ఆయా కత్తిపీట దగ్గర కూర్చుంటుంది. ఎక్కడ కొయ్యాలో చూపించే పని జట్టులో ఒకరిది. రూలు ఒక్కటే: గీత చూపించినవాళ్లు తమ ముక్క ఆఖర్న తీసుకోవాలి. మొదటిరోజు గీతలు అడ్డదిడ్డంగా పడతాయి. ఆఖర్న మిగిలిన చిన్న ముక్క తనకే వచ్చాక, మూడో రోజుకి ఆ వేలు కాయ మీద ఎంతసేపు ఆగుతుందో మీరే చూడండి. కంసాలి త్రాసు కూడా అంత నిదానంగా తూగదు. కాయలు దొరకని రోజున చపాతీ, అరటిపండు, బంకమట్టి ముద్ద, ఏదైనా సరే.

ఆ ముక్కల దగ్గర ఒక పిల్ల మొండికేస్తుంది. “నేనివ్వను” అంటుంది. అప్పుడు మనం చేసే పని ఏమిటి? “చూడు, చిట్టి ఇచ్చింది కదా! నువ్వు మంచిదానివి కదా!” అని ఒత్తిడి పెడతాం. నేనూ అదే చేసేదాన్ని. చేతిలోది ఊడబెరికి పక్కదానికి ఇచ్చిన రోజులూ ఉన్నాయి. ఊడబెరికితే ఆ పిల్ల నేర్చుకునేది ఊడబెరకడమే. 2013లో చెర్న్యాక్, కుష్నిర్ అనే ఇద్దరు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో చేసిన పరీక్ష గురించి చదివాక నాకు ఊరట కలిగింది. దిగాలుగా ఉన్న కుక్కబొమ్మకి తమ స్టిక్కరు ఇవ్వాలా, తామే ఉంచుకోవాలా అన్నది కొందరు పిల్లలకే వదిలేశారు. మిగతావాళ్లకి ఆ కష్టమైన నిర్ణయం లేకుండా చేశారు. తర్వాత ఇంకో బొమ్మ వచ్చినప్పుడు, తామే ఆలోచించి ఇచ్చిన పిల్లలు ఎక్కువ ఇచ్చారు. అందుకని ‘ఇవ్వను’ అన్న పిల్లని ఆ రోజుకి వదిలేయండి. “సరే, నీ ఇష్టం. పక్కది చూస్తోంది, మరి” అని ఊరుకోండి. ఇచ్చినా ఇవ్వకపోయినా దాని ముక్క దానికుండాలి.

బహుమతుల జోలికి వెళ్లొద్దు. ఒక ఏడాది, పంచుకున్నవాళ్ల చేతి మీద నక్షత్రం గీస్తానన్నాను. రెండో రోజుకి ఒకడు తన పెన్సిలు పక్కవాడికిచ్చి, నా దగ్గరికొచ్చి నక్షత్రం గీయించుకుని, వెళ్లి పెన్సిలు వెనక్కి లాక్కున్నాడు. పక్కవాడు కూడా తెలివైనవాడే, “నేను తీసుకున్నాను కదా టీచర్, నాకూ గీయండి” అన్నాడు.

మనం పెద్దవాళ్లం ‘షేరింగ్’ అన్న ఒక్క మాటలో నాలుగు పనులు కుక్కేస్తున్నాం. తెలుగులో వాటికి వేర్వేరు మాటలున్నాయి, పిల్లలకి ఆ తేడా తెలిస్తే సగం ఏడుపులు ఆగుతాయి. జామకాయని పంచుకుంటాం, ఎవరి ముక్క వాళ్లది, తిరిగిరాదు. ఉయ్యాలని పంచుకోలేం, అక్కడ వంతు. (పిల్లలు ‘నా ఛాన్స్’ అంటారు, అననివ్వండి.) ఎర్ర రంగు పెన్సిలు ఎరువు, గీసుకున్నాక తిరిగొస్తుంది. నాలుగోది పూర్తిగా ఇచ్చేయడం. మూడేళ్ల పిల్లకి ‘షేర్ చెయ్యి’ అంటే ఎప్పుడూ ఆ నాలుగోదే వినిపిస్తుంది. బొమ్మ ఇక రాదని గుండెలకి హత్తుకుంటుంది. “ఎరువియ్యి, పువ్వు గీశాక ఇచ్చేస్తాడు” అని చెప్పి చూడండి. ఆ ఇచ్చేయడం జరిగేదాకా అక్కడే నిలబడండి. ఒక్కసారి తిరిగిరాకపోతే ఆ మాట విలువ పోతుంది.

వంతు విషయంలో మూడేళ్ల వాళ్లకి ‘కాసేపాగు’ అన్న మాట గాలిలో కలిసిపోతుంది. కాసేపు అంటే ఎంతో కంటికి కనబడాలి. రెండు ఖాళీ నీళ్ల సీసాల మూతలు ఒకదానికొకటి అంటించి, మధ్యలో చిల్లు పెట్టి, జల్లించిన ఇసుక పోసి ఒక గడియారం చేశాం. ఇసుక దిగడానికి దాదాపు రెండు నిమిషాలు. చెక్కగుర్రం పక్కన అది పెట్టాక, తగాదా గుర్రం మీద నుంచి సీసా ఎవరు తిప్పాలన్నదాని మీదికి మారింది! దానికీ వంతు పెట్టాల్సి వచ్చింది.

కలిసి చేసిన పని ఉంటే పంపకం దానంతటదే తేలికవుతుంది. 2011లో జర్మనీ పరిశోధకులు మూడేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగం నేచర్ పత్రికలో వచ్చింది. ఇద్దరూ కలిసి తాళ్లు లాగి బహుమతులు దగ్గరికి తెచ్చుకుంటే, ఎక్కువ దక్కినవాళ్లు రెండోవాళ్లకి సమానంగా ఇచ్చారు. ఊరికే దొరికినప్పుడు అంతగా ఇవ్వలేదు. మన దగ్గర దీనికి తాళ్లు, పెట్టెలు అక్కర్లేదు. బతుకమ్మ రోజుల్లో తంగేడు పూలు కోసుకొచ్చి ఒకే పళ్లెంలో పేర్పించండి. సంక్రాంతికి గొబ్బెమ్మలు చేయించండి. “ఇవి మా పూలు” అన్న మాట ఆ పళ్లెం చుట్టూ వినబడుతుంది. ‘నా’ నుంచి ‘మా’ దాకా పిల్లల నోటంట రావడం నేను అక్కడే ఎక్కువ విన్నాను.

ఇప్పుడు పంచుకోకూడని వాటి గురించి. దీని మీద కాస్త గట్టిగానే చెప్తాను. గుడ్డు పంచుకోమని ఏ పిల్లకీ చెప్పొద్దు. కథ ఊపులో కూడా వద్దు. మన పిల్లల్లో చాలామందికి ఆ రోజు దొరికే మంచి తిండి అదే. అది ఆ పిల్లకి రావాల్సిన వాటా, దాని మీద ఔదార్యం నేర్పే హక్కు మనకి లేదు. మా సెంటర్లో ఒకమ్మాయి గుడ్డులో పచ్చసొన తిని, తెల్లది గౌను కుచ్చిళ్లలో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లేది. ఎందుకే అంటే, “తమ్ముడికి” అంది. ఆ పిల్లకి మనం కథ చెప్పి నేర్పేదేముంది? తమ్ముడి పేరు రిజిస్టరులో ఉందో లేదో చూసుకోవడం మన పని. లేదు. మర్నాడు వాళ్లింటికెళ్లి రాసుకొచ్చాను.

దువ్వెన, నీళ్ల సీసా, చేతిరుమాలు, నోట్లో పెట్టుకునే పీప్పీ, ఇవి ఎవరివి వాళ్లవే. మందులు సరేసరి. ఇంకొకటి, “అందరికీ ముద్దివ్వు, ఒళ్లో కూర్చో” అని ఒంటిని కూడా పంచుకోవడం లెక్కలో చేర్చేవాళ్లుంటారు. వద్దన్న పిల్లని వదిలేయాలి, వచ్చింది ఎంత పెద్దాయనైనా సరే.

తల్లిదండ్రుల వైపు నుంచి మీకు రెండు రకాల గొడవలు వస్తాయి. ‘మా వాడి క్రేయాన్లు ఎవరో తీసుకున్నారు’ అన్నది ఒకటి. రెండోది దానికి తలకిందులు. ఒకావిడ వచ్చి, “మీరు కథలు చెప్పి మా పిల్లని పాడు చేశారు టీచర్. పెట్టెడు పెన్సిళ్లు పంచేసి వచ్చింది. మళ్లీ మళ్లీ కొనడానికి నా దగ్గర ఏముంది?” అంది. ఆవిడ కూలికెళ్లి తెచ్చిన డబ్బులవి. నిజంగానే తప్పు నాదే. అప్పట్నుంచి ఇంటి వస్తువు సంచిలోనే ఉంటుంది. సెంటర్లో వాడే రంగులన్నీ ఒక బుట్టలో కలిపి పెట్టాం. చేరిన రోజునే ఈ సంగతి అమ్మలకి చెప్పేయండి. ఆ తగాదాల్లో సగం మీ గడప తొక్కవు.

కొత్తగా చేరిన మూడేళ్ల పిల్ల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. ఇంట్లో దాని ఒంటి మీద గౌను అక్క విడిచింది, పలక అన్న వాడింది, పడుకునే చాప నలుగురిది. సెంటర్లో గ్లాసు మీద పువ్వు గుర్తు అంటించి ‘ఇది నీది’ అన్నాక దాని చెయ్యి ఆ గ్లాసుని వదలదు. కొన్ని వారాలు అలాగే పట్టుకోనివ్వండి. ఆ వయసు పిల్లలు ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు. అది కలివిడితనం లేకపోవడం కాదు, ఆ వయసు అంతే. కథలో వాళ్లకి ‘ఏం లేదు’ అని అరిచే పని చాలు. కోత, పంపకం నాలుగు దాటినవాళ్లకి పెట్టుకోండి.

ఒకే కథని వారమంతా చెప్పండి. మీకు విసుగొస్తుంది, వాళ్లకి రాదు. గురువారానికి కథ వాళ్లే చెప్తుంటారు, మీరు ఆయాతో కలిసి కూరగాయలు తరుక్కోవచ్చు. వాళ్లు చిట్టి జేబులోకి జామకాయ బదులు సెల్‌ఫోను పెట్టినా అడ్డు చెప్పకండి. ఫోనులో కథ పెట్టి పిల్లల ముందు నిలబెట్టడం మాత్రం నాకు నచ్చదు. చిట్టి పళ్లు కాయ మీద ఆగిన చోట ఆ ఫోను ఆగదు, వాళ్ల జవాబు వినదు.

గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒకాయన ఉండేవారు. వకీలు పని వదిలేసి 1920లో భావనగర్‌లో బాలమందిర్ పెట్టారు. పిల్లలు, పెద్దలు ఆయన్ని ‘మీసాల అమ్మ’ అని పిలుచుకునేవారు. ఆయన రాసిన పుస్తకం ‘పగటి కల’ పేరుతో తెలుగులోకి కూడా వచ్చింది. అందులో టీచరు మొదటిరోజు క్లాసుని నిశ్శబ్దంగా కూర్చోబెట్టబోయి అభాసుపాలవుతాడు. తర్వాత కథ ఎత్తుకుంటాడు, గది చేతికొస్తుంది. దొరికితే చదవండి, మీ మొదటి ఏడాది మీకు గుర్తొస్తుంది.

చివరగా, మీ సెంటర్లో లంబాడీ, కోయ, గోండి, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలుంటే, మీ తెలుగు కథ వాళ్లకి సగమే చేరుతుంది. వంతు, వాటా, ఎరువు అన్న మాటల్ని వాళ్లింట్లో ఏమంటారో అడిగి తెలుసుకోండి. వచ్చిన మాటని కథలో ఆ చోట పెట్టేయండి. పిల్లని దింపడానికి రేపు ఎవరింటి అమ్మమ్మో, నానమ్మో వస్తుంది. ఆవిణ్ణి పది నిమిషాలు చాప మీద కూర్చోబెట్టండి. చిన్నప్పుడు ఒక్క కాయని ఎంతమంది, ఎలా తినేవారో చెప్పమనండి. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే హాజరు రిజిస్టరు చివరి పేజీలో రాసి పెట్టుకోండి.